విదిచ్, ఇవానోవిచ్, కొలారోవ్, సుబోతిచ్: డిఫెండర్‌గా ఎదగాలంటే ముందు ఎవరి ఆట చూడాలి?

సెర్బియా జనాభా 2022 లెక్కల ప్రకారం 66 లక్షల చిల్లర. 2011లోనే హైదరాబాద్ పట్టణ ప్రాంతంలో అంతకన్నా ఎక్కువ మంది ఉన్నారు. అంత చిన్న దేశపు ఫుట్‌బాల్ జట్టుకు ఆడినవాళ్లలోంచి, దాదాపు ఒకే కాలంలో, మాంచెస్టర్ యునైటెడ్‌కు క్యాప్టెన్, చెల్సీకి రైట్ బ్యాక్, మాంచెస్టర్ సిటీకి లెఫ్ట్ బ్యాక్, బొరూసియా డార్ట్‌ముండ్‌కు సెంటర్ బ్యాక్ దొరికారు. నలుగురూ ఆయా దేశాల్లో లీగ్ గెలిచారు. డిఫెన్స్ నేర్చుకుంటున్న కుర్రాళ్లకు, వాళ్లకు నేర్పే కోచ్‌లకు ఇంతకు మించిన పాఠ్యం దొరకడం కష్టం. చిక్కల్లా ఎవరితో మొదలుపెట్టాలన్నదే. నలుగురినీ ఒకేసారి చూస్తే ఎవరి ఆటా ఒంటబట్టదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పేరు విదిచ్‌దే పెద్దది, చూడ్డానికి ఒళ్లు పులకరించే ఆట కూడా అతనిదే. కానీ నేర్చుకునేవాడికి ఎక్కువ పనికొచ్చేది ఇవానోవిచ్ ప్రయాణం. మిగతా ఇద్దరూ కొందరికి మాత్రమే సరిపోతారు, సరిపోయినవాళ్లకు మాత్రం బాగా సరిపోతారు.

ఈ ప్రాంతపు ఫుట్‌బాల్‌తో మనకు పాత పరిచయమే ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, అప్పట్లో సెర్బియా భాగంగా ఉన్న యుగోస్లావియా చేతిలో భారత్ 1–10తో ఓడింది. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మళ్లీ అదే జట్టు ఎదురైతే 1–4తో ఓడింది. రెండుసార్లూ మన కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం.

## ఎంచుకునే ముందు ఏం చూసుకోవాలి

ట్రోఫీల లెక్క పక్కన పెట్టండి. అవి జట్టు మొత్తానివి. ఒక డిఫెండర్ ప్రయాణం మీకు పనికొస్తుందా లేదా అన్నది వేరే విషయాలు తేలుస్తాయి.

మొదటిది స్థానం. సెంటర్ బ్యాక్ (వెనక వరస మధ్యలో ఆడేవాడు) ఆట ఎక్కువగా ఎదురుగా వచ్చే బంతితో, వీపు వెనక ఉన్న ఖాళీతో. ఫుల్‌బ్యాక్‌కు, అంటే రైట్ బ్యాక్‌కో లెఫ్ట్ బ్యాక్‌కో, ఒక పక్క గీత కాపలా ఉంటుంది, కానీ పరుగు రెట్టింపు. ఒకరి ఆట చూసి ఇంకొక స్థానంలో ఆడబోతే మొదటి నెలలోనే తేడా తెలిసిపోతుంది.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ ఆట పక్కవాడి మీద ఎంత ఆధారపడింది? డిఫెండర్ ఒంటరిగా మంచివాడు కాలేడు. ఒకడు ముందుకు దూకాలంటే ఇంకొకడు వెనక కాయాలి. మీరు ఆడే జట్టులో ఆ రెండోవాడు లేకపోతే, టీవీలో అద్భుతంగా కనిపించినది మీ మైదానంలో గోల్‌గా తేలుతుంది.

మూడోది మెట్లు: ఏ వయసులో, ఏ లీగ్ నుంచి, ఏ లీగ్‌కు వెళ్లారు. నాలుగోది, దెబ్బ తగిలినప్పుడు ఏం చేశారు. గాయం, బెంచ్, సస్పెన్షన్, వేగం తగ్గడం ఏ డిఫెండర్‌నీ వదలవు. గోల్స్ కొట్టడాన్ని చివరగా చూడండి. ముందు గోల్ పడకుండా ఆపడం రావాలి.

| | విదిచ్ | ఇవానోవిచ్ | కొలారోవ్ | సుబోతిచ్ |
|---|---|---|---|---|
| పుట్టింది | 1981, ఉజిత్సె | 1984, స్రెమ్‌స్కా మిత్రోవిత్సా | 1985, జెమున్ | 1988, బన్యా లూకా |
| స్థానం | సెంటర్ బ్యాక్ | రైట్ బ్యాక్, సెంటర్ బ్యాక్ | లెఫ్ట్ బ్యాక్ | సెంటర్ బ్యాక్ |
| అగ్రశ్రేణి లీగ్‌లో కుదురుకున్న క్లబ్బు, వయసు | మాంచెస్టర్ యునైటెడ్, 24 | చెల్సీ, 23 | లాజియో, 21 | డార్ట్‌ముండ్, 19 |
| జాతీయ జట్టుకు మ్యాచ్‌లు, గోల్స్ | 56, 2 | 105, 13 | 94, 11 | 36, 2 |
| పక్కవాడి మీద ఆధారం | చాలా ఎక్కువ | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ, జట్టు పద్ధతి మీద కూడా |
| ఎదురైన పెద్ద దెబ్బ | మోకాలు, 2011 డిసెంబర్ | మొదట బెంచ్, 2015లో తగ్గిన వేగం | వెనక వదిలే ఖాళీ | మోకాలు, 2013 నవంబర్ |

బన్యా లూకా ఇప్పుడు బోస్నియా హెర్జెగోవినాలో ఉంది. సుబోతిచ్ పుట్టేనాటికి అంతా యుగోస్లావియానే.

## నెమాన్యా విదిచ్: ముందుకు దూకే సెంటర్ బ్యాక్

ఉజిత్సెలో మొదలై రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ యువజట్టుకు, అక్కడి నుంచి 2000–01లో లోన్ మీద స్పార్టాక్ సుబోతిత్సాకు, మళ్లీ రెడ్ స్టార్‌కు. 2003–04లో ఆ జట్టు లీగ్, కప్ రెండూ గెలిచినప్పుడు క్యాప్టెన్ అతనే. 2004లో స్పార్టాక్ మాస్కో, 2006 జనవరిలో సుమారు 70 లక్షల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్. అక్కడ 300 మ్యాచ్‌లు, 21 గోల్స్, ఐదు ప్రీమియర్ లీగ్ టైటిళ్లు, 2008 చాంపియన్స్ లీగ్. 2008–09, 2010–11 సీజన్లలో ప్రీమియర్ లీగ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం రెండుసార్లూ ఒక డిఫెండర్‌కు, అంటే ఇతనికే, వచ్చింది.

అతని ఆటలో చూడాల్సింది టాకిల్ కాదు, టాకిల్‌కు ముందు రెండు అడుగులు. ఫార్వర్డ్ వైపు పాస్ బయల్దేరుతుండగానే అతను కదిలిపోతాడు. బంతి వచ్చేసరికి ఫార్వర్డ్ ముందు భుజం దగ్గర ఉంటాడు. గాల్లో బంతికైతే నిలబడిన చోట ఎగరడు. రెండు మూడు అడుగుల పరుగు తీసి ఒంటికాలి మీద లేస్తాడు. ఎదుటివాడు నిలబడి ఎగిరితే ఆ పోటీ ముందే తేలిపోతుంది.

ఇది నడవడానికి కారణం పక్కన ఆడిన సెంటర్ బ్యాక్ రియో ఫెర్డినాండ్. విదిచ్ ముందుకు వెళ్లిన ప్రతిసారీ ఫెర్డినాండ్ రెండు మూడు గజాలు వెనక్కి, మధ్యకు జరిగి ఆ ఖాళీ మూసేవాడు. 2008–09లో యునైటెడ్ లీగ్‌లో వరసగా 14 మ్యాచ్‌లు గోల్ ఇవ్వలేదు, గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ 1,311 నిమిషాలు గోల్ పడకుండా గడిపాడు. ఆ గోడ కట్టింది ఒక్కడు కాదు, ఒక జంట.

మరి తప్పు ఎక్కడ జరుగుతుంది? అదే సీజన్లో 2009 మార్చి 14న లివర్‌పూల్ చేతిలో 1–4 మ్యాచ్ చూడండి. వెనక నుంచి పొడవాటి బంతి వచ్చింది. విదిచ్ దాన్ని తలతో కొట్టకుండా నేల మీద పడనిచ్చాడు. ఆ ఒక్క క్షణంలో లివర్‌పూల్ ఫార్వర్డ్ టోర్రెస్ దూరిపోయి గోల్ కొట్టాడు. తర్వాత జెరార్డ్‌ను పట్టి లాగినందుకు విదిచ్‌కు రెడ్ కార్డు, ఆ ఫ్రీ కిక్ కూడా గోలే. 2008 సెప్టెంబర్, 2009 మార్చి, 2009 అక్టోబర్: లీగ్‌లో లివర్‌పూల్‌తో వరసగా మూడు మ్యాచ్‌ల్లో అతను రెడ్ కార్డుతో బయటికెళ్లాడు. దూకే ఆటకు చెల్లించే మూల్యం ఇది. చివరి మనిషిగా ఉన్నప్పుడు బంతిని ఎగిరిపడనివ్వకూడదు. అందదని తెలిస్తే వెంటనే గోల్‌కూ ఫార్వర్డ్‌కూ మధ్యకు పరుగెత్తాలి. ఈ రెండింటి మధ్య ఊగిసలాడినవాడికే చొక్కా పట్టుకుని లాగే అవసరం వస్తుంది.

జాతీయ జట్టులో అతని కథ వేరు. 2006 ప్రపంచకప్ అర్హత పోటీల్లో సెర్బియా–మాంటెనెగ్రో 10 మ్యాచ్‌ల్లో ఇచ్చింది ఒకే ఒక్క గోల్. విదిచ్, క్రస్టాయిచ్, గావ్రాంచిచ్, ద్రాగుతినోవిచ్‌ల వరస అది. అసలు ప్రపంచకప్‌లో మొదటి మ్యాచ్‌కు సస్పెన్షన్, తర్వాత శిక్షణలో మోకాలి గాయంతో విదిచ్ ఒక్క నిమిషం కూడా ఆడలేదు. జట్టు మూడు మ్యాచ్‌ల్లో 10 గోల్స్ ఇచ్చింది. అతనొక్కడు లేకపోవడమే కారణమనడం సరికాదు గానీ, నలుగురి వరసలో ఒకరు పోతే మిగతా ముగ్గురి అలవాట్లూ ఎలా చెదురుతాయో కోచ్‌లు ఇక్కడ చూడవచ్చు.

2011 డిసెంబర్‌లో బాసెల్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. తిరిగొచ్చాక 2012 సెప్టెంబర్‌లో మళ్లీ ఆపరేషన్. 2014లో ఇంటర్ మిలాన్‌కు వెళ్లి, 2016 జనవరిలో 34 ఏళ్లకు ఆట మానేశాడు. ఒంటిని ఇంతగా పణం పెట్టే ఆట ఎన్నేళ్లు నడుస్తుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తలతో ఆడటం గురించి తల్లిదండ్రులకు ఒక మాట. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రొఫెషనల్స్‌కే వారం శిక్షణలో గట్టి హెడర్లు 10కి మించవద్దన్నాయి. విదిచ్ వీడియో చూసి పన్నెండేళ్ల పిల్లవాడితో రోజూ యాభై హెడర్లు కొట్టించకండి. పరుగు, ఎగిరే సమయం బంతి లేకుండా కూడా నేర్పవచ్చు. ఆఖర్లో చేత్తో మెల్లగా విసిరిన బంతులు అయిదారు చాలు.

## బ్రానిస్లావ్ ఇవానోవిచ్: స్థానం మారి నిలబడినవాడు

ఎక్కువమంది కుర్రాళ్ల జీవితానికి దగ్గరగా ఉండే ప్రయాణం ఇదే. పెద్ద క్లబ్బు అకాడమీ కాదు. సొంత ఊళ్లో స్రెమ్ అనే క్లబ్బు, తర్వాత రాజధానిలోనే రెడ్ స్టార్, పార్టిజాన్‌ల నీడలో ఉండే ఓఎఫ్‌కే బెల్‌గ్రేడ్. 2006లో లోకోమోటివ్ మాస్కో, 2007లో రష్యన్ కప్, 2008 జనవరిలో చెల్సీ.

చెల్సీకి వచ్చిన మొదటి అర సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అప్పట్లో రష్యా లీగ్ వసంతంలో మొదలై నవంబర్‌కు ముగిసేది. అంటే అతను అడుగుపెట్టేసరికి ఇంగ్లండ్ ఆటగాళ్లు సీజన్ మధ్యలో పూర్తి ఊపు మీదుంటే, అతను రెండు నెలల విరామం నుంచి వచ్చాడు. మొదటి మ్యాచ్ 2008 సెప్టెంబర్‌లో, అదీ లీగ్ కప్‌లో. లీగ్ క్యాలెండర్ తేడా ఉన్న చోటికి వెళ్లే ఎవరికైనా ఈ ఇబ్బంది తప్పదు. వెళ్లే ముందు కనీసం ఆరు వారాలు మ్యాచ్ తీవ్రతతో శిక్షణ చేసుకోవాలి, మొదటి నాలుగు నెలలు బెంచ్ మీద గడుస్తాయని మనసులో అనుకునే వెళ్లాలి.

తలుపు తెరిచింది 2009 ఏప్రిల్ 8. చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్, లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్. కోచ్ హిడింక్ అతన్ని రైట్ బ్యాక్‌గా దింపాడు. చెల్సీ 3–1తో గెలిచింది, అందులో రెండు గోల్స్ ఇవానోవిచ్‌వి, రెండూ కార్నర్ల నుంచి వచ్చిన హెడర్లే. లివర్‌పూల్ కార్నర్లప్పుడు మనిషిని కాకుండా చోటును కాసేది. చోటు కాసేవాడు నిలబడి ఎగరాలి. దూరం నుంచి పరుగున వచ్చేవాడిదే పైచేయి. కార్నర్ తన్నేలోపు ఇవానోవిచ్ ఎక్కడ మొదలుపెట్టాడో, ఎప్పుడు పరుగు అందుకున్నాడో వీడియో ఆపి చూడండి. గుంపులో నిలబడడు, గుంపు కదిలాక ఖాళీ అయిన చోటికి వస్తాడు.

2013 మే 15న యూరోపా లీగ్ ఫైనల్, బెన్ఫికా మీద 93వ నిమిషంలో గెలుపు గోల్ కూడా అలాంటిదే. మాటా కార్నర్, దూరపు పోస్టు వైపు వెనక్కి జరుగుతూ ఎగిరి, కీపర్ మీదుగా అవతలి మూలకు పంపిన హెడర్. బలంగా కొట్టలేదు, ఎత్తుగా పంపాడు. వెనక్కి జరుగుతూ ఎగిరినప్పుడు మెడతో బలం రాదు, దిశ మాత్రమే మన చేతిలో ఉంటుంది. ఇది తెలిసినవాడు బంతిని కిందికి కొట్టాలని తంటాలు పడడు.

రైట్ బ్యాక్‌గా అతనిలో ప్రత్యేకత ఏమిటంటే, వింగర్‌లా (పక్క గీత వెంట దాడి చేసే ఆటగాడిలా) మారడానికి ప్రయత్నించలేదు. సెంటర్ బ్యాక్ అలవాట్లనే పక్కకు తీసుకొచ్చాడు. చెల్సీకి ఎడమవైపు నుంచి ఎదుటి జట్టు క్రాస్ కొట్టినప్పుడు దూరపు పోస్టు దగ్గర మూడో సెంటర్ బ్యాక్‌లా నిలబడేవాడు. 2014–15లో చెల్సీ లీగ్ గెలిచినప్పుడు అతను కుడివైపు పైకి వెళ్తే, ఎడమవైపు అస్పిలిక్వెటా వెనకే ఆగేవాడు. ఒకడు వెళ్తే ఒకడు ఆగడం: స్కూల్ జట్టులో కూడా పదిరోజుల్లో నేర్పగల ఏర్పాటు ఇది. ఆ సీజన్లో చెల్సీ 38 మ్యాచ్‌ల్లో 32 గోల్స్ మాత్రమే ఇచ్చింది.

ఆ మరుసటి సీజన్ మొదలవగానే అసలు పరీక్ష వచ్చింది. 2015 ఆగస్టులో స్వాన్సీ వింగర్ మోంటెరో వేగానికి ఇవానోవిచ్ అందుకోలేకపోయాడు. చెల్సీ మొదటి 16 లీగ్ మ్యాచ్‌ల్లో 9 ఓడింది, కోచ్ మౌరీన్యో పదవి పోయింది. 31 ఏళ్ల ఫుల్‌బ్యాక్‌కు మొదట పోయేది పరుగులోని మొదటి మూడు గజాలు. దానికి మందు దూరం పాటించడం. వింగర్‌కు అంటుకుని నిలబడకుండా రెండు గజాలు లోపలికి, రెండు గజాలు వెనక్కి ఉండి, గీత వైపే దారి ఇవ్వాలి. పక్కన మిడ్‌ఫీల్డర్ సాయం రాకపోతే అదీ చాలదు.

2017లో 377 మ్యాచ్‌లు, 34 గోల్స్‌తో చెల్సీ వదిలి రష్యా క్లబ్బు జెనిత్‌కు వెళ్లి, 2018–19, 2019–20 రష్యా లీగ్ టైటిళ్లు గెలిచాడు. వయసుకు తగ్గ లీగ్ ఎంచుకోవడం కూడా కెరీర్‌లో భాగమే. ఒక్క లోటు గుర్తుపెట్టుకోండి: 2012 చాంపియన్స్ లీగ్ ఫైనల్ అతను ఆడలేదు, పసుపు కార్డుల సస్పెన్షన్. నాకౌట్ దశలో డిఫెండర్ తన ఖాతాలో ఎన్ని కార్డులున్నాయో తెలుసుకునే మైదానంలోకి దిగాలి.

## అలెగ్జాండర్ కొలారోవ్: ఎడమ కాలు ఉన్నవాళ్లకు

చుకారిచ్కి, ఓఎఫ్‌కే బెల్‌గ్రేడ్, 2007లో లాజియో, 2010లో మాంచెస్టర్ సిటీ, 2017లో రోమా, 2020లో ఇంటర్. సిటీలో 247 మ్యాచ్‌లు, రెండు లీగ్ టైటిళ్లు. ఇంటర్‌తో 2020–21 సీరీ ఆ (ఇటలీ లీగ్). రోమ్ నగర డెర్బీలో లాజియో తరఫునా, రోమా తరఫునా గోల్ కొట్టిన అరుదైన మనిషి.

మీరు కుడికాలి ఆటగాడైతే ఈ భాగం దాటేయవచ్చు. ఎడమకాలి ఫుల్‌బ్యాక్ అయితే మాత్రం కొలారోవ్‌ను వదలకండి. రెండు ఫ్రీ కిక్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. 2017 ఆగస్టులో రోమా తరఫున అతని మొదటి లీగ్ మ్యాచ్, అటలాంటా మీద: బంతికి అడ్డంగా నిలబడ్డ ఎదుటి ఆటగాళ్ల గోడ ఎగురుతుందని కనిపెట్టి కింద నుంచి కొట్టాడు, ఆ ఒక్క గోల్‌తోనే మ్యాచ్ గెలిచారు. 2018 జూన్ 17న ప్రపంచకప్‌లో సమారాలో కోస్టారికా మీద: గోడ మీదుగా పైమూలకు, మళ్లీ 1–0. కాలు అదే, నిర్ణయం వేరు. ఈ ఎడమకాలి ఫ్రీ కిక్ సంప్రదాయానికి పెద్దాయన సినిషా మిహాయిలోవిచ్. సీరీ ఆలో 28 ఫ్రీ కిక్ గోల్స్, 1998 డిసెంబర్‌లో సాంప్‌డోరియా మీద ఒకే మ్యాచ్‌లో మూడు.

సాధన చేసేటప్పుడు వారానికి రెండు సార్లు, ఒక్కోసారి 20 కిక్‌లకు మించవద్దు. ఎడతెగకుండా వంద కిక్‌లు కొడితే ముందు దెబ్బతినేది తొడ లోపలి కండరం. నిలబెట్టే కాలు బంతికి జానెడు పక్కన ఉందా లేదా అన్నది ప్రతి కిక్‌కూ చూసుకోండి. బంతి పైకి లేచిపోతుంటే సాధారణంగా ఒళ్లు వెనక్కి వాలుతున్నట్టే.

అతని బలహీనత స్పష్టంగానే ఉంటుంది. పైకి వెళ్లాక వెనక ఖాళీ మిగులుతుంది, వేగమైన వింగర్ అక్కడికే పరుగెత్తుతాడు. సిటీలో మరో లెఫ్ట్ బ్యాక్ క్లిషీతో చోటు పంచుకోవాల్సి వచ్చింది. వెనక ముగ్గురు సెంటర్ బ్యాక్‌లుంటే ఈ సమస్య తగ్గుతుంది. 2018 ఏప్రిల్ 10న బార్సిలోనాను రోమా 3–0తో ఓడించిన రాత్రి కొలారోవ్ ఎడమ వింగ్‌బ్యాక్‌గా (ఆ పక్కంతా పైకీ వెనక్కీ పరుగెత్తేవాడిగా) అలాంటి ఏర్పాటులోనే ఆడాడు. 2016–17లో సిటీ కోచ్ గార్డియోలా అతన్ని చాలాసార్లు సెంటర్ బ్యాక్‌గా వాడాడు, పాస్ కోసం. కాబట్టి మీ కోచ్ నలుగురి వరసే ఆడిస్తుంటే, కొలారోవ్ నుంచి కిక్ తీసుకోండి, నిలబడే చోటు మాత్రం ఇవానోవిచ్ నుంచి తీసుకోండి.

## నెవెన్ సుబోతిచ్: దేశాలు మారి పెరిగినవాడు

బన్యా లూకాలో పుట్టాడు. యుద్ధకాలంలో కుటుంబం జర్మనీకి, అక్కడి నుంచి అమెరికాకు, సాల్ట్ లేక్ సిటీకి, తర్వాత ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌కు వెళ్లింది. పార్కులో సాధన చేస్తుంటే చూసి అమెరికా అండర్–17 శిబిరానికి పిలిచారు. 2006లో మైన్జ్, అక్కడ కోచ్ క్లోప్. 2008లో క్లోప్ డార్ట్‌ముండ్‌కు వెళ్తే, సుబోతిచ్ కూడా అక్కడికే.

పక్కన ఆడిన సెంటర్ బ్యాక్ హమ్మెల్స్‌తో కలిసి 2010–11, 2011–12 బుండెస్‌లీగా (జర్మనీ లీగ్) గెలిచాడు. మొదటి సీజన్లో జట్టు ఇచ్చింది 22 గోల్స్, రెండోదాంట్లో 25. హమ్మెల్స్ బంతితో ముందుకు వచ్చేవాడు, సుబోతిచ్ వెనక కాచేవాడు. ముందు ఫార్వర్డ్‌లు బంతి కోసం వెంటపడితేనే వెనక వరస మైదానం మధ్యకు దగ్గరగా నిలబడగలదు. మీ జట్టులో ఫార్వర్డ్‌లు వెంటపడకపోతే ఈ నిలబడే తీరు పనికిరాదు, ఒక్క పొడవాటి పాస్‌తో వరసంతా తెగుతుంది. 2013 మే 25, వెంబ్లీలో బాయెర్న్‌తో చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ముల్లర్ కొట్టిన బంతిని గోల్ గీత దగ్గర నుంచి అతను తోసేసిన దృశ్యం మళ్లీ మళ్లీ చూడదగ్గది. ముల్లర్ కీపర్‌ను దాటిపోయాడని తెలిసిన వెంటనే సుబోతిచ్ బంతి వైపు కాదు, గోల్ వైపు పరుగెత్తాడు.

అదే ఏడాది నవంబర్‌లో వోల్ఫ్స్‌బర్గ్ మీద మోకాలి లిగమెంట్ తెగింది. ఆ సీజన్ పోయింది. తిరిగొచ్చాడు గానీ ఆ స్థాయి నిలవలేదు. కొలోన్, సెంట్ ఎటియెన్, యూనియన్ బెర్లిన్ ఇలా క్లబ్బులు మారాడు. విదిచ్‌కూ ఇదే గాయం. సెంటర్ బ్యాక్‌లు ఒక్కసారిగా ఆగి మలుపు తిరిగే చోట మోకాలే భారం మోస్తుంది. ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్‌లో 15 వ్యాయామాలుంటాయి, 20 నిమిషాలు పడుతుంది, వారానికి రెండుసార్లయినా చేస్తేనే ఫలితం. మన దగ్గర చాలా జట్లు మైదానం చుట్టూ రెండు రౌండ్లు కొట్టి ఆట మొదలుపెడతాయి. అది మానేయండి.

అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల తల్లిదండ్రులు సుబోతిచ్ దారిని శ్రద్ధగా చూడాలి. అమెరికా యువజట్లకు ఆడి, పెద్దల జట్టుగా సెర్బియాను ఎంచుకున్నాడు. భారత్‌కు ఆడాలనుకునే పిల్లలకు ఆ వెసులుబాటు లేదు: భారత పాస్‌పోర్టు ఉండాలి, ఓసీఐ కార్డు చాలదు. ఈ విషయం పదిహేడేళ్లు వచ్చాక కాదు, పన్నెండేళ్లప్పుడే తెలిసి ఉండాలి.

## మీరు ఎవరైతే, ఎవరిని చూడాలి

జట్టులో ఇంకా స్థానం కుదరని 13–16 ఏళ్ల ఆటగాడైతే ఇవానోవిచ్. మరో ఆలోచన అక్కర్లేదు. రెండు స్థానాలు ఆడగలిగినవాడికి ట్రయల్స్‌లో రెండు అవకాశాలుంటాయి.

పొడుగ్గా, బలంగా ఉండి, పక్కన తెలివైన జోడీ ఉన్న సెంటర్ బ్యాక్ అయితే విదిచ్. ఆ జోడీని కూడా కూర్చోబెట్టి ఫెర్డినాండ్‌నే చూడమనండి, ఇద్దరూ కలిసి చూస్తేనే లాభం. పొడుగున్నా వేగం తక్కువైతే విదిచ్ వద్దు. ముందుకు దూకి తప్పితే వెనక్కి అందుకునే కాళ్లు ఉండవు.

స్కూల్, కాలేజీ కోచ్‌లకు నేను సూచించేది 2014–15 చెల్సీ వెనక వరస. సుబోతిచ్–హమ్మెల్స్ పద్ధతి నేర్పాలంటే పదకొండు మందికీ ఒకే ఊపు రావాలి, అందుకు ఒక సీజన్ పడుతుంది. కేవలం ఆట ఆనందించడానికి చూసేవాళ్లకు విదిచ్‌ను మించినవాడు లేడు.

## చూసే పద్ధతి

హైలైట్స్‌తో డిఫెండర్ ఆట తెలియదు. అతను చేసిన మంచి పని వల్ల అక్కడ ఏమీ జరగదు, ఏమీ జరగనిది హైలైట్స్‌లోకి రాదు. పూర్తి మ్యాచ్ తీసుకోండి, 20 నిమిషాల ముక్కలుగా చూడండి. బంతిని వదిలేసి ఒక్క మనిషినే చూడండి. ఎదుటి జట్టు పాస్ ఇవ్వబోయే క్షణంలో వీడియో ఆపి, అతను ఎటు కదులుతాడో ఊహించి, ఆ తర్వాత నడపండి. ఊహ తప్పిన చోట్లే రాసుకోండి: బంతి ఎక్కడుంది, అతని పక్కవాడు ఎక్కడున్నాడు, అతని ఒళ్లు ఎటు తిరిగి ఉంది. ఒక్క ముక్కలో అయిదారు రాసుకుంటే చాలు. కెమెరా బంతి వెంటే వెళ్లి డిఫెండర్ తెరలోంచి తప్పిపోతే ఆ భాగం వదిలేయండి, ఊహించి రాయకండి.

పాత మ్యాచ్‌లు కాకుండా ఈవారం ఆడేవాళ్లే కావాలంటే సెర్బియా సెంటర్ బ్యాక్ నికోలా మిలెంకోవిచ్‌ను పట్టుకోండి. పార్టిజాన్ నుంచి 19 ఏళ్లకు ఫియోరెంటీనా, అక్కడ ఏడు సీజన్లు, కొంతకాలం రైట్ బ్యాక్‌గా కూడా. 2024లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు వచ్చాడు, ఆ సీజన్లో జట్టు ఏడో స్థానంలో నిలిచింది. 2024 డిసెంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఫారెస్ట్ 3–2తో గెలిచిన మ్యాచ్‌లో రెండో నిమిషంలోనే అతను కార్నర్ నుంచి తలతో గోల్ కొట్టాడు. ఆ పరుగు ఎక్కడ మొదలైందో చూసి, ఆన్‌ఫీల్డ్‌లో ఇవానోవిచ్ పరుగు పక్కన పెట్టి పోల్చండి.